ఆధారషడ్జం ఎక్కడున్నా

ఉస్మానియా క్యాంపస్‌ నుంచి తార్నాక వైపు వస్తుంటే దారిలో ఇఫ్లూ తగులుతుంది. ఇంగ్లీషు బోధన బాగుపడాలని 1958లో పెట్టిన సంస్థ అది. 1972లో సీఫెల్ అయింది, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. పాతవాళ్లు ఇప్పటికీ సీఫెల్ అనే అంటారు. అక్కడ చైనీస్ కూడా నేర్పుతారు. చైనీస్‌లో చేరిన తెలుగు పిల్లలకి మొదట్లోనే అడ్డం పడే మాట ‘మా’. గొంతు పైస్థాయిలో నిలిపి పలికితే తల్లి. కింది నుంచి పైకి లేపితే జనపనార. దించి లేపితే గుర్రం. పై నుంచి ఒక్కసారిగా దించితే తిట్టడం. తెలుగులో ఈ బాధ లేదు. గొంతు ఎక్కినా దిగినా కోపమో ప్రేమో తెలుస్తుంది గానీ మాట మారిపోదు.

సంగీతం గురించి రాస్తూ చైనీస్ క్లాసు దగ్గర మొదలుపెట్టడానికి కారణముంది. డయానా డాయిచ్ అనే అమెరికా శాస్త్రవేత్త 2006లో తన బృందంతో కలిసి ఒక పరిశోధన ప్రచురించారు. బీజింగ్‌లోని సంగీత కళాశాల విద్యార్థుల్నీ, అమెరికాలోని ఈస్ట్‌మన్ సంగీత పాఠశాల విద్యార్థుల్నీ ఒకే పరీక్షకి కూర్చోబెట్టారు. ఒక్కొక్క స్వరం వినిపిస్తారు, అదేమిటో రాయాలి. ముందు ‘ఇదీ స’ అని చెప్పేవాళ్లుండరు, పోల్చుకోవడానికి వెనక శ్రుతి ఉండదు. నాలుగైదేళ్ల వయసులోనే సంగీతం మొదలుపెట్టిన వాళ్లని తీసుకుంటే, చైనా వాళ్లలో దాదాపు 60 శాతం నెగ్గారు. అమెరికా వాళ్లలో 14 శాతం. చిన్నప్పటి నుంచీ స్థాయిని బట్టి మాటని పట్టుకునే చెవికి స్వరం పేరు పట్టుకోవడం కూడా తేలికవుతుందని డాయిచ్ వాదన. అందరూ ఒప్పుకోలేదు. వంశంలో వచ్చే గుణమని కొందరంటారు, పసితనంలో పడిన సాధన అని కొందరంటారు. రెండూ కలిస్తేనే అనేవాళ్లే ఎక్కువ.

ఈ శక్తినే పర్‌ఫెక్ట్ పిచ్ అంటారు. పదివేల మందిలో ఒక్కరికి ఉంటుందని తరచూ చెప్పే అంచనా. అది ఉన్న పిల్లవాడు తార్నాక చౌరస్తాలో నిలబడి బస్సు హారన్ ఏ స్వరమో, మెట్రో తలుపులు మూసేటప్పుడు మోగే గంట ఏ స్వరమో రంగుల పేర్లు చెప్పినంత సులువుగా చెప్పేస్తాడు. చూసేవాళ్లకి ఆశ్చర్యం, కన్నవాళ్లకి సంబరం. ఆ సంబరం సహజమే. అయితే ఆ వెంటనే అందరి నోటా వచ్చే మాట ఒకటుంది: ‘వీడు పుట్టుకతోనే సంగీతజ్ఞుడు’. ఆ మాట దగ్గరే నాకు అభ్యంతరం. స్వరం పేరు గుర్తుండడం ఒక జ్ఞాపకం. సంగీతం ఒక పనితనం. ఆ పనితనం ఎక్కడుందో దగ్గరగా చూపించాలని ఈ వ్యాసం.

ముందు ఆ జ్ఞాపకం గురించే ఇంకొక్క మాట. అది మనమనుకున్నంత అరుదేమీ కాదు. డేనియల్ లెవిటిన్ 1994లో మామూలు విద్యార్థుల్ని పిలిచి, ఇష్టమైన పాటని జ్ఞాపకంలోంచి పాడమన్నాడు. పక్కన వాయిద్యం లేదు. నూటికి నలభై మంది కనీసం ఒకసారైనా రికార్డులో ఉన్న స్థాయినే సరిగ్గా అందుకున్నారు. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చున్న కుర్రాళ్లని వాళ్ల అభిమాన సినిమా పాట ఎత్తుకోమనండి. వాళ్లలోనూ చాలామంది సినిమాలో ఉన్న చోటికి దగ్గరగానే ఎత్తుకుంటారని నా నమ్మకం. స్థాయి మనందరి లోపలా ఎంతో కొంత నిలిచే ఉంది. పేరు పెట్టి చెప్పగలిగేవాళ్లు మాత్రం తక్కువ.

జపాన్‌లో కెనిచి మియజాకి అనే ఆచార్యుడు ఈ విషయాన్ని రెండోవైపు నుంచి చూశాడు. పర్‌ఫెక్ట్ పిచ్ ఉన్న సంగీత విద్యార్థులకి రెండు స్వరాల మధ్య దూరం ఎంతో చెప్పమని పరీక్ష పెట్టాడు. అలవాటైన స్థాయిలో బాగా చెప్పినవాళ్లే, ఆధారస్వరం పక్కకి జరపగానే తడబడ్డారు. ఒక్కొక్క స్వరం పేరూ ముందుకొచ్చి నిలబడుతుంటే, వాటి మధ్య చుట్టరికం వెనక్కి పోయింది. ఆ చుట్టరికం లేకపోతే మన సంగీతంలో ఇంకేముంటుంది?

మన దగ్గర ‘స’ ఫలానా చోటే ఉండాలని ఎవరూ శాసించలేదు. పాడేవాళ్ల గొంతు ఎక్కడ హాయిగా నిలిస్తే అక్కడే షడ్జం. మగవాళ్లు ఎక్కువగా ఒకటి, రెండు శ్రుతుల్లో పాడతారు. ఆడవాళ్లు అయిదు, అయిదున్నర, ఆరు. పక్కన కూర్చున్న వయొలిన్ విద్వాంసుడు ఇవాళ ఒకటి శ్రుతి గాయకుడికి వాయించి, రేపు అయిదున్నర శ్రుతి గాయనికి వాయిస్తాడు. తీగలు బిగించుకుంటాడు, సదురుకుంటాడు, అంతే. కల్యాణి కల్యాణిగానే ఉంటుంది. పాశ్చాత్యుల ప్రామాణిక శ్రుతి కూడా నిలకడగా ఉన్నదేం కాదు. ఇప్పుడు సెకనుకి 440 కంపనాలంటున్న స్వరం 1939లో లండన్‌లో కూర్చుని ఒప్పుకున్నది. మొజార్ట్ కాలపు పియానో తయారీదారు శ్టైన్ వాడిన శ్రుతిదండం 421 ప్రాంతంలో మోగేది. మొజార్ట్ చెవి ఇవాళ మన మధ్యకి వస్తే, మన పియానోలన్నీ అరస్వరంలో ముప్పాతిక వంతు హెచ్చుగా ఉన్నాయంటుంది.

ఇక పనితనం. తార్నాక గల్లీల్లో ఒకదాంట్లో, మేడ మీద గదిలో ఒక మాస్టారు పిల్లలకి పాఠం చెబుతారు. ఆయన దగ్గర చేరిన అమ్మాయి మొదటి కొన్ని వారాలు పాడిన దానికన్నా తంబురా పట్టుకుని కూర్చున్నదే ఎక్కువ. ఫోన్లో శ్రుతి యాప్ ఉండగా ఇదెందుకని తల్లిదండ్రులు అడిగితే మాస్టారు నవ్వి ఊరుకున్నారు. నేను పక్కన కూర్చుని చూశాను.

తంబురాకి నాలుగు తీగలు. పంచమం, మధ్యషడ్జం పలికే రెండు సారణులు, మంద్రషడ్జం. బిరడాలు తిప్పితే తీగ మోటుగా దారికొస్తుంది. సున్నితమైన సవరణంతా తీగల్ని మోసే గుర్రం కింద తీగలకి గుచ్చిన పూసలది. ఆ అమ్మాయి రెండు సారణుల్నీ కలిపింది. నా చెవికి కలిసిపోయినట్టే ఉంది.

“కలిసింది మాస్టారూ.”

“అల కొడుతోందమ్మా, విను. ఆ పూస వెంట్రుకవాసి కిందికి లాగు.”

ఆయన అల అన్నది శాస్త్రం లెక్కకి సరిగ్గా దొరుకుతుంది. ఒకటి శ్రుతిలో సారణి సెకనుకి దాదాపు 131 సార్లు కంపిస్తుంది. రెండో సారణి 133 దగ్గరుంటే నాదం సెకనుకి రెండుసార్లు ఉబ్బి తగ్గుతుంది. తేడా పావు కంపనానికి దిగితే నాలుగు సెకన్లకి ఒక్క అల. ఆ అమ్మాయి పూసని లాగుతుంటే అల వెడల్పవుతూ పోయి, ఒకచోట పూర్తిగా ఆగింది. రెండు తీగలు ఒకే తీగయ్యాయి. తరవాత గుర్రానికీ తీగకీ మధ్య నూలుపోగు జరపడం మొదలుపెట్టింది. సంగీతంవాళ్లు దాన్ని జీవా అంటారు. పోగు సరైన చోటికి రాగానే అప్పటిదాకా మొద్దుగా ఉన్న తీగ గుంయిమని విచ్చుకుంది. మంద్రషడ్జం మీటితే అందులోంచి ఎవరూ మీటని గాంధారం పైకి తేలింది. స్వయంభూ గాంధారమని విద్వాంసులు చెప్పుకునేది అదే. తీగ నిలువెల్లా ఊగుతూనే తనలో సగంగా, మూడోవంతుగా, నాలుగోవంతుగా, అయిదోవంతుగా కూడా ఊగుతుంది. ఆ అయిదోవంతు పలికేది అంతర గాంధారం.

ఈ మొత్తం పనిలో ఆ అమ్మాయికి ఏ స్వరం పేరూ అవసరపడలేదు. ఆ తంబురాని ఒకటి శ్రుతిలో పెట్టినా రెండులో పెట్టినా ఆమె చేసే పని ఇదే. కలిసిందా లేదా అన్న ఒక్క ప్రశ్నని అంత చిన్న తేడాలోకి దింపి వినగలగడమే ఆమె నేర్చుకున్నది. దాన్ని మించిన సంగీత పాఠం ఇంకొకటి ఉందనుకోను.

అదే ప్రశ్నని ఇంకా కష్టమైన చోట పరిష్కరించేవాళ్లు విజయనగరం జిల్లాలో ఉన్నారు. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో సర్వసిద్ధి ఇంటిపేరువాళ్లు తరతరాలుగా వీణలు చేస్తున్నారు. పనస దుంగని తొలిచి కుండా దండీ తీయడం చూపరులకి గొప్పగా కనిపిస్తుంది. నాకు మాత్రం గొప్పగా తోచేది మేళం కట్టడం. దండి మీద నల్లటి మైనపు వరుసలు రెండు పోసి, వాటి మీద 24 మెట్లు కూర్చుతారు. రెండు స్థాయిలు, స్థాయికి పన్నెండు. మెట్ల మధ్య ఎడం ఎక్కడా సమానంగా ఉండదు. తీగ మొదలయ్యే మేరువు నుంచి మొదటి మెట్టుకి ఎంత దూరమో, పన్నెండో మెట్టు నుంచి పదమూడో మెట్టుకి అందులో సగం. ఆ మధ్యవన్నీ క్రమంగా దగ్గరవుతూ రావాలి. ఏడో మెట్టు పంచమం, పన్నెండోది తారషడ్జం. ఈ రెండింటినీ ఖాళీ తీగలతో సరిచూసుకోవచ్చు. మిగిలినవాటికి చెవే దిక్కు. మెట్టుని మైనంలో ఒత్తి, తీగ మీటి, విని, మళ్లీ కదపాలి. ఎడం ఒక్కటే సరిపోతే చాలదు, ఎత్తు కూడా కుదరాలి. తీగని పక్కకి లాగి గమకం తీసేటప్పుడు పక్క మెట్టుకి తగిలిందంటే ఆ వీణ పాడైనట్టే. ఇంతా చేసి, ఆ వీణని కొన్నావిడ ఏ శ్రుతిలో బిగించుకుంటుందో చేసినవాడికి తెలియదు. తెలియనక్కర్లేదు. ఏ శ్రుతిలో బిగించినా ఒప్పే దూరాలే అతను అమర్చింది.

వయొలిన్‌కి ఆ మెట్లు కూడా లేవు. తీగ నిడివి 33 సెంటీమీటర్ల లోపు. వేలు ఒక మిల్లీమీటరు జరిగితే కింది స్థాయిలో స్వరం అరస్వరంలో ఇరవయ్యో వంతు తప్పుతుంది. పైస్థాయికి పోతే ఆ తప్పు రెట్టింపు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారికి చూపు సరిగా ఉండేది కాదు. విజయనగరం సంగీత కళాశాలలో ఆయన ఆచార్యులై, తరవాత ప్రిన్సిపాలయ్యారు. ఆ వేళ్లకి దారి చూపింది చెవి ఒక్కటే.

స్వరాల పేర్లు తెలిసినా రాగం తెలియదనడానికి మన దగ్గరున్న నిదర్శనం గ్రహభేదం. మోహన తీసుకోండి. స రి గ ప ద, అయిదు స్వరాలు. వాటిని ముట్టుకోకుండా, షడ్జాన్ని మాత్రం మనసులో రిషభం మీదికి జరపండి. మధ్యమావతి అవుతుంది. గాంధారం మీదికి జరిపితే హిందోళం. పంచమం మీదికి జరిపితే శుద్ధసావేరి. ధైవతం మీదికి జరిపితే ఉదయరవిచంద్రిక. స్థాయిలు అవే, పియానో మీద నొక్కే కీలు అవే. మోహనలో ఉన్న వెలుగు వేరు, హిందోళంలో ఉన్న బరువు వేరు. పర్‌ఫెక్ట్ పిచ్ ఉన్న చెవి అయిదింటిలోనూ ఒకే అయిదు పేర్లు చెబుతుంది. పేర్లన్నీ సరిగ్గానే చెబుతుంది. రాగం మాత్రం ఆ పేర్లలో లేదు. కచేరీలో గ్రహభేదం చేసే గాయకుడు తంబురా ఒకచోట మోగుతుండగా మనసులో ఇల్లు ఇంకోచోట కట్టుకుని, అక్కడ కాసేపు తిరిగి, ఒక్క తడబాటు లేకుండా అసలు షడ్జానికి చేరాలి. పక్క శ్రుతి లాగుతూనే ఉంటుంది. లొంగకూడదు, మరిచిపోనూ కూడదు.

ఈ పనితనానికి కొస చూడాలంటే మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి ‘మహతి’ వినాలి. తూర్పుగోదావరి జిల్లా శంకరగుప్తంలో 1930లో పుట్టారాయన. తల్లి వీణ వాయించేది, ఈయన పసికందుగా ఉండగానే పోయింది. తండ్రి పట్టాభిరామయ్యగారిది వేణువు. గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు, త్యాగరాజు శిష్యపరంపరలోని వారు. ఇరవై ఏళ్లు నిండకముందే 72 మేళకర్తల్లోనూ కృతులు కట్టిన మనిషి. అన్ని రాగాలూ చేతిలో ఉన్నవాడు ఏం చేయాలి? ఆయన తగ్గించుకుంటూ వెళ్లారు. నాలుగు స్వరాల లవంగి, మూడు స్వరాల సర్వశ్రీ. వీణ ఎస్. బాలచందర్ లాంటివాళ్లు ఇవి రాగాలే కావని బహిరంగంగా ఎదిరించారు. అయిదు స్వరాలైనా లేనిదే రాగమెలా అన్నది వాళ్ల ప్రశ్న, అర్థం లేని ప్రశ్నేం కాదు. దానికి జవాబు మహతిని పాడిన తీరులోనే ఉంది.

మహతికి స్వరాలు నాలుగు. షడ్జం, అంతర గాంధారం, పంచమం, కైశికి నిషాదం. రిషభం లేదు, మధ్యమం లేదు, ధైవతం లేదు. ఈ నాలుగింటినీ కలిపి పియానో మీద నొక్కితే పాశ్చాత్య సంగీతం చదివినవాళ్లు వెంటనే గుర్తుపడతారు. వాళ్ల దగ్గర అది ఆగలేని నాదం. విన్న చెవి తరవాతి మెట్టు కోసం ఎదురుచూస్తుంది, అది మధ్యమం మీదికి దిగితే గానీ తృప్తిపడదు. బాలమురళిగారు తీసేసిన స్వరం సరిగ్గా ఆ మధ్యమమే. దిగే చోటు లేకుండా చేసి, ఆ నాలుగు స్వరాలనీ అక్కడే కాపురం పెట్టించారు. మధ్యమం కోసం అలమటించాల్సిన నిషాదం ఆయన గొంతులో షడ్జాన్ని ఆనుకుని స్థిరంగా నిలుస్తుంది. పంచమం నుంచి నిషాదానికి ఎక్కేటప్పుడు మధ్యలో ఖాళీ ఉందని అనిపించదు. గాంధారాన్ని ఆయన ఊపరు, నిలుపుతారు. తంబురాలోంచి తేలే స్వయంభూ గాంధారానికీ గొంతులోని గాంధారానికీ మధ్య అల లేదు.

నాకు తోచిన సంగతి ఒకటుంది. మంద్రషడ్జం తీగ తనలో తాను నాలుగోవంతుగా ఊగితే షడ్జం, అయిదోవంతుగా ఊగితే గాంధారం, ఆరోవంతు పంచమం. ఏడోవంతు పలికేది కైశికి నిషాదానికి కాస్త దిగువన. మహతి స్వరాలు వరసగా అవే. బాలమురళిగారు ఈ లెక్క వేసుకుని రాగం కట్టారని నేననను. జీవితమంతా తంబురా పక్కన కూర్చున్న చెవి అక్కడికి చేరడం మాత్రం నాకు వింతగా లేదు. కొత్త రాగమని మనమనుకున్నది తంబురా గర్భంలో అప్పటికే మోగుతున్నది. 1975లో వచ్చిన ‘అపూర్వ రాగంగళ్’ అనే తమిళ సినిమాలో ఎం.ఎస్. విశ్వనాథన్ ఈ రాగంలో పాట కట్టారు, ఏసుదాసు పాడారు. శాస్త్రం తెలియని లక్షలమంది ఆ నాలుగు స్వరాల్ని ఏ ఇబ్బందీ లేకుండా అందుకున్నారు.

స్థాయి జ్ఞాపకం వయసుతో జారిపోతుందన్నది కూడా చెప్పాలి. రష్యన్ పియానో విద్వాంసుడు రిక్టర్‌కి పర్‌ఫెక్ట్ పిచ్ ఉండేది. ముసలితనంలో అది జరిగిపోయింది. వేలు నొక్కిన కీ ఒకటి, చెవిలో పడే స్వరం ఇంకొకటి. తన జీవితమంతా వాయించిన సంగీతమే ఆయనకి పరాయిగా వినబడిందంటే ఆ వేదన ఊహించడానికే కష్టంగా ఉంటుంది. మన గాయకులు వయసు పైబడితే శ్రుతి ఒక మెట్టు తగ్గించుకుంటారు. తంబురా సదిరి, అదే తోడిని అదే నిండుతనంతో పాడతారు. ముందు వరసలో కూర్చున్నవాళ్లకి కూడా తేడా తెలియదు.

మీ పిల్లవాడు హారన్ స్వరం చెప్పగలిగితే సంతోషించండి, చుట్టాల ముందు మాత్రం పరీక్షలు పెట్టకండి. వాడిని తంబురా ముందు కూర్చోబెట్టి, ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె కట్టేసి, రెండు సారణులు కలపమనండి. చెప్పలేని పిల్లని కూడా అక్కడే కూర్చోబెట్టండి, ఆమె ఏ విధంగానూ వెనకబడి లేదు. ఈసారి త్యాగరాయ గానసభలోనో రవీంద్రభారతిలోనో కచేరీ ఉంటే తార్నాక నుంచి ఒక బస్సు ముందే ఎక్కండి. తెర లేవకముందు పావుగంట సేపు వేదిక వెనక తంబురా, వయొలిన్, మృదంగం ఒకదానికొకటి కలుపుకుంటాయి. చాలామంది ఆ సమయంలో క్యాంటీన్‌లో ఉంటారు. మీరు లోపలికి వెళ్లి కూర్చుని వినండి.